తాతయ్య జేబులో చీటీ: పోయిన పెద్దాయన్ని ఇంట్లో నిలుపుకునే పద్ధతి

పెద్దాయన పోయాక పన్నెండో రోజు లోపల ఫోటో ఎన్‌లార్జ్ చేయించి, దండ వేసి హాల్లో పెడతాం. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కడతాం. చాలా ఇళ్లలో పని అక్కడితో ఆగిపోతుంది. ఏడాది తిరిగేసరికి "మంచి మనిషి, దేవుడంటే భక్తి, పిల్లలంటే ప్రాణం" అనే మాటలు మిగులుతాయి. అవి ఊళ్లో ఏ తాతకైనా సరిపోతాయి. మీ తాతకి మాత్రమే సరిపోయే సంగతులు వేరే ఉంటాయి. వాటిని పోగుచేసి, ఇంట్లో వాడుకలో ఉంచడం ఎలాగో రాస్తున్నాను.

నేను ఉండేది విజయనగరంలో. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, ఆమదాలవలస వైపు పల్లె. మా తాతయ్య రైతు. వారం వారం భజన, ఆదివారం వస్తే అరసవల్లి సూర్యదేవుడి గుడి. మొదట్లో సైకిలు మీద, మోకాళ్లు పట్టేశాక బస్సు మీద. మాఘ బహుళ పంచమి నాడు పోయాడు. ఆ తరవాత మేం చేసిన పనుల్లో పిల్లలకి పట్టుబడినవే ఇక్కడ చెబుతాను.

మొదటి పని, బట్టలు ఎవరికైనా ఇచ్చేసే ముందు జేబులు చూడండి. కర్మకాండల హడావిడిలో బట్టలు మూటకట్టి పంపేస్తారు, ఎవరూ ఆగి చూడరు. చొక్కా జేబు, కళ్లద్దాల డబ్బా, పాత పంచాంగం పేజీల మధ్య, గుడికి పట్టుకెళ్లే సంచి, ట్రంకుపెట్టె అడుగున వేసిన పేపరు కింద, అన్నీ చూడండి. పెద్దవాళ్లు కాయితం ముక్క ఊరికే దాచరు.

మా తాతయ్య జేబులో ఒక చీటీ దొరికింది. క్యాలెండరు కాయితం వెనకవైపు నీలం బాల్‌పెన్నుతో రాసి, నాలుగు మడతలు పెట్టుకున్నాడు. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి. పైన గోత్రం, కింద వరసగా ఇంటిల్లిపాది పేర్లు, పక్కన నక్షత్రాలు. అరసవల్లిలో అర్చన చేయించేటప్పుడు చదవడానికి రాసుకున్న చీటీ అది. మామ్మ పేరు తరవాత కొడుకుల పేర్లు లేవు, ముగ్గురు కోడళ్ల పేర్లు ఉన్నాయి. ఎందుకని మామ్మని అడిగితే, "కొడుకులు ఈ ఇంట్లో పుట్టినోలే కదమ్మా, ఆలకేటి? పరాయింటి నించి వచ్చిన పిల్లల పేర్లు ముందు సెప్పాల అనీవోడు మీ తాత" అంది. ఆ తరవాత కూతుళ్లు, కొడుకులు, అల్లుళ్లు, మేము. అందరికంటే కింద మా పొలం పని చేసిన కంబారి పేరు, ఆయన భార్య పేరు. కొత్తగా పుట్టిన పిల్లల పేర్లు వేరే రంగు సిరాతో అంచుల్లో ఇరికించి ఉన్నాయి. ఆ కాయితం చూశాక మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తన పేరు రెండోది.

ఇలాంటిది మీకు దొరికితే లామినేషన్ చేయించకండి. ఆ వేడికి పాత కాయితం పాడవుతుంది, తరవాత విడదియ్యడం కుదరదు. చిరుగులకి సెల్లోటేపు కూడా వద్దు. కొన్నాళ్లకి పసుపురంగు మరక పడి అక్షరాలు కనిపించవు. మడతలు మెల్లగా విప్పి, రెండు తెల్ల కాయితాల మధ్య పెట్టి, బీరువాలో గోడకి తగలని అరలో ఉంచండి. మనది సముద్రం దగ్గరి గాలి, చెమ్మ ఎక్కువ. అంతకుముందే ఎండ నేరుగా పడని వసారాలో పెట్టి రెండువైపులా ఫోటో తీసుకోండి.

ఆ తరవాత ఆ చీటీని మీ చేతిరాతతో, అదే వరసలో, కొత్త కాయితం మీదికి ఎక్కించండి. టైపు చెయ్యద్దు. పుట్టినవాళ్లని, పెళ్లై వచ్చినవాళ్లని చేర్చండి. ఎవరి నక్షత్రమైనా తెలియకపోతే పేరు మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూసుకోవచ్చు. ఆ పట్టిక పంచాంగాల్లో ఉంటుంది. మా తాతయ్య కంబారికి రాసిన నక్షత్రం అలా చూసుకున్నదేనని తరవాత తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు అరసవల్లి వెళ్లినా ఈ చీటీ పట్టుకెళ్లి పేర్లు చదివిస్తారు. ఫోటోకి దండ మార్చడం కంటే నాకు ఇదే పెద్ద పని అనిపిస్తుంది. ఆయన వారం వారం మాకోసం చేసిన పని ఆగిపోలేదు.

మీ తాత గుడికి వెళ్లే మనిషి కాకపోవచ్చు. చర్చిలో ప్రార్థన చేసేవాడు కావచ్చు, మసీదుకి వెళ్లేవాడు కావచ్చు. అయినా ఎవరి కోసం, ఏ వేళకి, ఏ మాటలతో అడిగేవాడో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉంటుంది. ముందు అది పట్టుకోండి.

మనుషుల్ని అడగడం

ఇది ఆలస్యం చెయ్యకూడని పని. ఎవరు ఎక్కువ దగ్గర అని చూడకండి, వయసులో ఎవరు పెద్ద అని చూడండి. తాత చెల్లెలు, తమ్ముడు, భజనలో తాళం వేసిన స్నేహితుడు, పక్క పొలం ఆసామి, వీళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి. నాన్నని, అత్తని తరవాత అడగొచ్చు.

"తాతయ్య ఎలాంటివాడు?" అని అడిగితే "దేవుడమ్మా" అంటారు, కళ్లు తుడుచుకుంటారు, మాట అయిపోతుంది. పనినీ వేళనీ పట్టుకుని అడగండి. ఆషాఢంలో వాన పడక ఉడుపులు ఆగిపోతే ఏం చేసేవాడు? కోపం వస్తే ఏమనేవాడు? భజనలో ఏ పాట వస్తే లేచి నిలబడేవాడు? గుడికెళ్లే దారిలో ఎక్కడ ఆగేవాడు? ఎవరికి అప్పిచ్చి అడగలేదు? అలా అడిగితేనే మా చిన్నమామ్మ శ్రీముఖలింగం సంగతి చెప్పింది. శివరాత్రి వెళ్లాక వంశధారలో చక్రతీర్థ స్నానాలకి ఎడ్లబండి కట్టుకుని వెళ్లేవారట. ఇంటికో మనిషి చొప్పున ముసలివాళ్లనే ఎక్కించి, తాతయ్య మాత్రం రాత్రంతా బండి పక్కన నడిచేవాడట. మా నాన్నకి కూడా ఈ సంగతి తెలియదు.

తగువులు కూడా అడగండి. చాలామంది ఇక్కడ వెనకాడతారు. మా తాతయ్యకీ ఆయన తమ్ముడికీ పొలంగట్టు దగ్గర మాట వచ్చి కొన్నేళ్లు పలకరింపులు లేవు. ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆ చిన్నతాతే చెప్పాడు: "మా పెద్దదాని పెల్లికి నాను పిలవనేదు. తెల్లారి లెగిసి సూస్తే గునపం అట్టుకుని పందిరి రాటకి గొయ్యి తవ్వుతన్నాడు. నాను ఎల్లి రాట అట్టుకున్నాను. అంతే." గట్టు ఎవరిదైందని అడిగాను. "అదా, అలాగే ఉంది" అన్నాడు. మా తాతయ్యకి కుటుంబం అంటే ఏమిటో నాకు ఆ గునపం దగ్గర అర్థమైంది. "అందరితో మంచిగా ఉండేవాడు" అని రాసుకుని ఊరుకుంటే ఇది పోయేది.

రికార్డింగుకి ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే మాట తెగిపోతుంది. ఫ్యాన్ ఆపండి. మడతపెట్టిన తువ్వాలు మీద ఫోన్ పెట్టి, చెప్పే మనిషికి మూరెడు దూరంలో ఉంచండి. గుడి మైకు మోగే వేళలు తప్పించండి. మధ్యాహ్నం భోజనాలై వసారాలో కూర్చున్న వేళ బాగుంటుంది. అరగంట దాటితే ఆపేసి మరో రోజు వెళ్లండి, వాళ్లు అలిసిపోతారు. ఏదైనా మాట చెప్పి "ఇది ఎవరికీ చెప్పకమ్మా" అంటే చెప్పకండి, ఆ ముక్క తీసెయ్యండి.

కాయితం మీద పెట్టేటప్పుడు వాళ్ల మాట దిద్దకండి. "ఎల్లిపోనాడు" అంటే అలాగే రాయండి. మా పిల్లలు వైజాగ్‌లో, హైదరాబాద్‌లో చదువుతూ ఈ మాట వినడం తగ్గిపోయింది. తాతయ్య మాటల్ని పుస్తకం భాషలోకి మారిస్తే అందులో ఆయన గొంతు వినిపించదు.

ఫోన్, ఫోటోలు

తాతగారి ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందు అందులోని వాట్సాప్ వాయిస్ మెసేజీలన్నీ కాపీ చేసుకోండి. సిమ్ రీఛార్జ్ వెంటనే ఆపకండి. నెంబరు కొన్నాళ్లకి రద్దయి వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. వాట్సాప్ అకౌంటు కూడా 120 రోజులు వాడకుండా ఉంటే తీసేస్తారు. ఫోటోలు బంధువులకి పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా పంపండి, మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది. మొత్తం రెండు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి. 2014 హుద్‌హుద్‌, 2018 తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాల వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పాత ఫ్రేములో ఫోటో అద్దానికి అంటుకుపోతే లాగకండి. అద్దంతో పాటే, వాలుగా వెలుతురు పడే చోట పెట్టి ఫోటో తీయండి. ఫోటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ను వద్దు. దీపం, అగరొత్తుల పొగ తగిలే చోట ఒరిజినల్ పెట్టకుండా కాపీ పెట్టండి.

పుట్టిన ఏడు తేల్చడం

మన తాతల్లో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటో, జూలై ఒకటో పడి ఉంటుంది. బడిలో వేసినవాళ్లో, కార్డు రాసినవాళ్లో తోచింది వేశారు. మా తాతయ్యది 1-1-1950. ఆ లెక్కన మా పెద్దనాన్న పుట్టేటప్పటికి ఆయనకి పదకొండేళ్లు ఉండాలి.

దీనికి మంచి దారి ఉంది. పాత జాతకం కాయితంలోనో, వాళ్లమ్మ చెప్పిన మాటల్లోనో తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ఆ పేరు అరవై ఏళ్లకి ఒకసారి వస్తుంది కాబట్టి పొరపాటు పడే వీలు తక్కువ. మా తాతయ్యది చిత్రభాను. అంటే 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. మళ్లీ చిత్రభాను వచ్చింది 2002లో. ఈ లెక్కకి ఇంకో సాక్ష్యం కూడా కలపండి, ఆ ఏడు జనం చెప్పుకునే సంగతి ఏదైనా. మా ముత్తవ్వ "ఇశాపట్నం మీద బాంబులు పడ్డ ఏడు పుట్టినాడు" అనేదట. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న, ఉగాది వెళ్లిన కొద్ది రోజులకే. రెండూ కలిశాయి. ఈశ్వర అయితే 1937-38, విక్రమ అయితే 1940-41, తారణ అయితే 1944-45. మీ తాతది ఏదో పెద్దవాళ్లని అడిగి చూడండి.

పోయిన రోజు విషయంలో కూడా అంతే జాగ్రత్త కావాలి. సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు తేదీ ఒక్కటే ఉంటుంది. ఆ నెల తెలుగు క్యాలెండరు కాయితం చింపి దాచి, ప్రాణం పోయిన టైము దాని మీద రాసిపెట్టండి. తిథి రోజు మధ్యలో మారిపోతుంది, గంట తేడా వస్తే తిథి వేరే అవుతుంది. సంవత్సరీకం నాటికి మధ్యలో అధికమాసం పడితే (2023లో శ్రావణం పడింది, 2026లో జ్యేష్ఠం) లెక్క ఎలా చూడాలో పురోహితుణ్ని నెలముందే అడగండి. ఆఖరి వారంలో టెన్షన్ పడక్కర్లేదు.

పెద్దపండగ, రథసప్తమి

మా వైపు సంక్రాంతిని పెద్దపండగ అంటాం. ఆ రోజు పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, వాళ్లకి ఇష్టమైనవి వండి నివేదిస్తాం. ఏటా జరిగేదే కాబట్టి తాతని తలుచుకోడానికి వేరే సభ పెట్టక్కర్లేదు. ఈ రోజునే నిండుగా చేసుకోండి. మేం పొందూరు ఖద్దరు పంచె పెడతాం, జీవితాంతం ఆయన కట్టింది అదే. పూజయ్యాక ఆ పంచె మనవల్లో ఒకడు కడతాడు, ఏడాదికొకడు. గారెలు, బూరెలు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన చిన్న గిన్నెలో చోడి (రాగి) అంబలి, ఒక పచ్చి ఉల్లిపాయ తప్పకుండా పెడతాం. విస్తరిలో అది ఆయనది అని పిల్లలకి చెప్పకుండానే తెలుస్తుంది.

కానీ మా తాతయ్య పండగంటే రథసప్తమి. మాఘ శుద్ధ సప్తమి, సూర్యనారాయణమూర్తి పుట్టినరోజు. ఆ రోజు అరసవల్లిలో స్వామి నిజరూప దర్శనం ఉంటుంది. 2025లో ప్రభుత్వం రాష్ట్ర పండగ చేశాక జనం ఇంకా పెరిగారు. చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లు ఆ రోజు ఇంట్లో చేసుకుని, జనం తగ్గాక మరో ఆదివారం దర్శనానికి వెళ్లడం మేలు. ఇంట్లో చేసే పద్ధతి మాత్రం ఆయన చేసినట్టే చేస్తాం, అది వివరంగా రాస్తాను.

ముందురోజే జిల్లేడు ఆకులు, రేగుపళ్లు, చిక్కుడు ఆకులు, చిక్కుడు కాయలు తెచ్చుకోవాలి. జిల్లేడు ఆకులు పెద్దవాళ్లే తుంచాలి. తుంచినచోట కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. అందుకే తాతయ్య రాత్రే తుంచి, తొడిమలు కడిగి, పళ్లెంలో బోర్లించేవాడు. తెల్లవారకముందు పిల్లల్ని లేపాలి. "ఏటే గుంటా, సూరీడు లెగిసిపోతన్నాడు, నువ్వింకా లెగలేదా?" అని ఆయన గొంతు. ఇప్పుడు మా తమ్ముడు అచ్చం అలాగే అరుస్తాడు. తలమీద, భుజాలమీద జిల్లేడు ఆకులు, రేగుపండు పెట్టి తలంటు పొయ్యాలి.

తులసికోట ముందు, తొలి ఎండ పడే చోట కడిగి రథం ముగ్గు వెయ్యాలి. పిడకలు నిలువుగా ఒకదానికొకటి ఆనించి, మధ్యలో కర్పూరం పెట్టి వెలిగించాలి. పడుకోబెడితే పొగ తప్ప మంట రాదు. మాది బుడితి ఇత్తడి గిన్నె, మామ్మ పెళ్లినాటిది. లీటరు పాలు పోసి, తూర్పువైపు పొంగేదాకా ఆగాలి. పొంగు చూడ్డం పిల్లల పని, చూడగానే కేక వెయ్యాలి. పొంగాక చిన్నగ్లాసుడు కొత్తబియ్యం కడిగి వేసి, చెరుకుముక్కతో కలుపుతూ ఉండాలి. అన్నం మెత్తగా ఉడికాక గిన్నె దించేసి, కాస్త వేడి తగ్గాకే బెల్లం వెయ్యాలి. మంటమీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి. పై నుంచి యాలకులు, కాస్త నెయ్యి.

ఇది ఉడికేలోపు చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి పిల్లలు రథం చేస్తారు. కొత్తచీపురు పుల్లలే వాడాలి. రథం వంకరగా వస్తే సరిచెయ్యకండి. తాతయ్య సరిచేసేవాడు కాదు. ఏడు చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెట్టి, సూర్యుడు ఎక్కి వచ్చాక నివేదన చేసి, రాగిచెంబుతో నీళ్లు వదలాలి. ఇక్కడ కూడా చీటీ తీసి పేర్లు చదువుతాం. చదివేది ఇంట్లో చిన్నవాళ్లలో అక్షరాలు కూడబలుక్కోడం వచ్చినవాళ్లు. మా చిన్నాన్న మనవరాలు పోయిన రథసప్తమికి నక్షత్రాల దగ్గర ఆగి ఆగి చదివింది. అందరం ఎండలో నిలబడి ఆగాం. పొగవాసన వచ్చే ఆ పరమాన్నం పిల్లలకి మొదట్లో నచ్చదు. బలవంతం చెయ్యకండి, రెండో ఏడు వాళ్లే అడుగుతారు.

అస్థికల విషయం ఒక్కమాట. మా వైపు చాలామంది శ్రీకూర్మం శ్వేతపుష్కరిణిలో కలుపుతారు, పితృకార్యాలు కూడా అక్కడ చేస్తారు. మేమూ అక్కడే చేశాం. వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి, పడమర ముఖంగా ఉన్న కూర్మనాథస్వామిని, రెండు ధ్వజస్తంభాల్ని, గోడమీది పాత బొమ్మల్ని చూపించండి. ఏడవడం తప్ప ఇంకేమీ గుర్తులేని ప్రయాణంగా అది మిగలకూడదు.

భక్తి లేనివాళ్ల సంగతి

ప్రతి ఇంట్లో ఒకరిద్దరు గుడి గుమ్మం ఎక్కనివాళ్లు ఉంటారు. తాత భక్తుడు కదా అని వాళ్లని ఈ పనుల్లోంచి తప్పించకండి. మా పెద్దనాన్న కొడుకు పూజ దగ్గర కూర్చోడు. పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి, ఒక్కో ఫోటోకీ పేర్లు కట్టింది వాడే. పందిరి రాట సంగతి చిన్నతాత చేత రెండోసారి చెప్పించి, పొలంలోకి తీసుకెళ్లి ఆ గట్టు మీద నిలబెట్టి వీడియో తీసింది కూడా వాడే. తాతయ్య వాడిని ఎన్నడూ గుడికి రమ్మనలేదు, చీటీలో పేరు మాత్రం ఉంది.

ఆదివారం ఫోన్లు కూడా ఒకరికి అప్పగించండి. తాతయ్య దర్శనం అయ్యాక పేరుపేరునా ఫోన్ చేసి తిన్నావా, పిల్లలు బాగున్నారా అని అడిగి పెట్టేసేవాడు. రెండు నిమిషాలు పట్టేది కాదు. ఆయన పోయాక ఆ ఫోన్లు ఆగిపోతే ఇల్లు విడిపోయినట్టే అయింది. ఇప్పుడు వంతులు వేసుకున్నాం, నెలకొకరు. గ్రూపులో మెసేజ్ పెడితే సరిపోదు, గొంతు వినాలి. అమెరికాలో ఉన్న అత్త కూతురికి మన ఆదివారం పొద్దున్న అంటే శనివారం రాత్రి. తొమ్మిది దాటకముందే ముందు ఆమెకి చెయ్యాలి, తరవాత మిగతావాళ్లకి.